పక్కన ఉన్నవాడికే వినపడే మైక్: ఏ సర్వైవల్ గేమ్ ఎవరికి సరిపోతుంది

సర్వైవల్ గేమ్, అంటే ఎలాగోలా బతికి నిలబడటమే పనిగా ఉండే ఆట, కొనేముందు ఒక్కటి తేల్చుకోండి, మీ గొంతు ఎవరికి వినపడాలని ఉంది? స్నేహితులకా, ముక్కూ మొహం తెలియని వాళ్లకా? ఇది తేల్చుకోకుండా, ఎవరో వీడియోలో నవ్వుతూ ఆడుతుంటే చూసి ముచ్చటపడి కొని, వారం తిరక్కుండానే పక్కన పడేసిన వాళ్లు నాకు చాలామందే తెలుసు. మేం నలుగురం. నేనూ ఇంకొకడూ విజయవాడ పటమటలో ఉంటాం, ఒకడు గుంటూరు బ్రాడీపేటలో, నాలుగోవాడు ఉద్యోగం మీద బెంగళూరులో. శనివారం రాత్రుళ్లు కలిసి ఆడటం మాకు అలవాటు, ఇప్పుడు మేం రోజూ కలుసుకునే వీల్లేదు కాబట్టి ఆ రెండు మూడు గంటలే మా రచ్చబండ. అందుకే ఏ గేమ్‌లో మాటలు బాగా సాగుతాయి అనేది నాకు చాలా ముఖ్యమైన విషయం, సరదాకి రాస్తున్నది కాదు.

ప్రాక్సిమిటీ చాట్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో కాల్ పెట్టుకుంటే నలుగురూ మ్యాప్‌లో ఏ మూల ఉన్నా ఒకే సౌండ్‌తో వినపడతారు, చెవిలో ఫోన్ పెట్టుకున్నట్టే. ప్రాక్సిమిటీ చాట్‌లో అలా కాదు, మీ క్యారెక్టర్ ఎక్కడుందో గేమ్ చూస్తుంది, చుట్టూ కొంత దూరంలో ఉన్నవాళ్లకే మీ మాట వినిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ గొంతు సన్నబడుతుంది, మీరు వాళ్లకి ఎడమవైపు ఉంటే ఎడమ చెవిలో వస్తుంది. దసరా ముందు బీసెంట్ రోడ్డులో నడుస్తున్నామనుకోండి, పక్కన ఉన్నవాడి మాట స్పష్టంగా వినపడుతుంది, నాలుగు షాపుల వెనక ఆగిపోయినవాడు గట్టిగా పిలిచినా సగమే వినపడుతుంది. సరిగ్గా అదే. ఇంకో సంగతి, ఆ పరిధిలో శత్రువు ఉంటే వాడికీ వినపడుతుంది.

ఈ చివరి వాక్యమే అసలు విషయం. మాట్లాడితే ఏదో ఒకటి పోయే ప్రమాదం ఉన్న గేమ్‌లోనే ఈ వాయిస్‌కి ప్రాణం ఉంటుంది. నేను ఎంపిక చేసేటప్పుడు చూసేది కూడా అదే: మైక్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆలోచించేలా చేస్తుందా లేదా.

ముందు తెలియనివాళ్లతో ఆడే వాటి గురించి. ఇక్కడ పోటీ ప్రధానంగా డేజీకి, రస్ట్‌కి మధ్యే. రెండూ 2013 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా తయారవుతుండగానే అమ్మకానికి, వచ్చాయి, రస్ట్ 2018 ఫిబ్రవరిలో, డేజీ అదే ఏడాది డిసెంబర్‌లో పూర్తి గేమ్‌గా విడుదలయ్యాయి. డేజీ అంతకుముందే 2012లో ఆర్మా 2 అనే యుద్ధం గేమ్ మీద డీన్ హాల్ చేసిన మాడ్‌గా (ఉన్న గేమ్‌కి బయటివాళ్లు చేసే మార్పు) పేరు తెచ్చుకుంది. వయసు ఒకటే అయినా మాట్లాడే తీరులో ఈ రెండింటికీ పోలికే లేదు.

డేజీలో మ్యాప్ పెద్దది, చెర్నారస్ మొత్తం దాదాపు 225 చదరపు కిలోమీటర్లు. మీరు సముద్రం ఒడ్డున చేతిలో దాదాపు ఏమీ లేకుండా మొదలవుతారు, ఆకలి, దాహం, చలి, జబ్బులు అన్నీ ఉంటాయి, చచ్చిపోతే సంపాదించుకున్నదంతా పోతుంది. గంటసేపు నడిచినా మనిషి కనపడడు. అలాంటి చోట ఒక పల్లెటూరి బావి దగ్గర ఎవరో దగ్గినట్టు వినపడితే గుండె ఎలా కొట్టుకుంటుందో ఆడితేగానీ తెలియదు. తుపాకీ ఉన్నా అందులో బుల్లెట్లు ఉండకపోవచ్చు, కాల్చితే ఆ చప్పుడుకి జాంబీలు వస్తాయి, అందుకే చాలామంది ముందు మాట్లాడి చూస్తారు. పైగా సాయం చేసుకోవడానికి గేమ్‌లోనే నిజమైన కారణాలు ఉన్నాయి. రక్తం పోయినవాడికి ఎక్కించాలంటే బ్లడ్ గ్రూప్ కలవాలి, కలవకపోతే మనిషి చచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి ఎదుటివాణ్ని మీ గ్రూప్ ఏంటని అడగాల్సి వస్తుంది. చేతులకి సంకెళ్లు వేయొచ్చు, వేసినవాడికి తిండి పెట్టొచ్చు. వాకీటాకీ దొరికితే ఫ్రీక్వెన్సీ కలుపుకుని దూరం నుంచీ మాట్లాడుకోవచ్చు, కానీ దానికి బ్యాటరీ కావాలి.

ఒకసారి రాత్రిపూట వర్షంలో ఒక షెడ్‌లో దాక్కున్నాను. బయట ఎవరో తనలో తను మాట్లాడుకుంటున్నాడు, మైక్ ఆన్‌లో ఉందని మర్చిపోయినట్టున్నాడు. "అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాన్రా బాబూ" అన్నాడు. అంతవరకు ఆ సర్వర్‌లో నేను విన్నవి హిందీ, ఇంగ్లీషు, ఇంకేవో నాకు అర్థంకాని భాషలు. నేను మైక్ నొక్కి "అన్నా, నా దగ్గరుంది" అన్నాను. అవతల పది సెకన్లు ఏ చప్పుడూ లేదు. తర్వాత "మీది ఏ ఊరు?" అని వినపడింది. తెనాలి అతను. ఆ రాత్రి రెండు గంటలు కలిసి నడిచాం, ఆయన నాకు చేపలు పట్టడం నేర్పాడు, ఉత్తరాన ఒక ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఇద్దరమూ ఒకేసారి చచ్చిపోయాం. ఆయన పేరు నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇలాంటిది డిస్కార్డ్ కాల్‌లో జరగదు, అందుకే ఈ గేమ్‌ని నేను ఇంతగా వెనకేసుకొస్తాను.

రస్ట్ వేరే ఊరు. ఇక్కడ మనుషులు దగ్గరదగ్గరగా ఇళ్లు కట్టుకుంటారు, పక్కింటివాడు రేపు మీ తలుపు పేల్చేవాడు కావచ్చు, లేకపోతే మీతో కలిసి మూడోవాడి మీదికి వచ్చేవాడూ కావచ్చు. వాయిస్ గోడల్లోంచి కూడా వినపడుతుంది, కాబట్టి లోపల కూర్చుని బయట నిలబడ్డవాడితో బేరాలాడొచ్చు. ఇంకో విచిత్రం, మీ క్యారెక్టర్ మొహం, రంగు, ఆడా మగా అనేది గేమ్‌లు కొనే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో మీ ఖాతా నంబర్‌ని బట్టి గేమే నిర్ణయిస్తుంది, మార్చుకునే వీలు లేదు, అందుకే ఒకే మనిషిని మొహం చూసి, గొంతు విని గుర్తుపట్టడం అలవాటవుతుంది. టెలిఫోన్లు, మెగాఫోన్లు కూడా ఉన్నాయి. మాట్లాడుకోవడానికి సరంజామా రస్ట్‌లోనే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ బుల్లెట్లు త్వరగా దొరుకుతాయి, చచ్చినవాడు కాసేపట్లో మళ్లీ వస్తాడు, కాబట్టి చాలాచోట్ల కాల్చడం ముందు, మాట తర్వాత. తిట్లు కూడా ఎక్కువే, అది ముందే తెలుసుకుని దిగండి. టైమ్ సంగతి చూసుకోండి: ప్రతి నెలా మొదటి గురువారం అన్ని సర్వర్లూ తుడిచి మళ్లీ మొదలుపెడతారు, అది మనకి రాత్రి పదకొండున్నర పన్నెండున్నర మధ్య పడుతుంది, మొదటి కొన్ని గంటలే అసలు ఊపు. శుక్రవారం పొద్దున్నే కాలేజీకో ఆఫీసుకో వెళ్లాల్సినవాళ్లకి ఇది కష్టం. మీరు వరుసగా రెండు మూడు రోజులు కూర్చోలేకపోతే ఎక్కువమంది ఉన్న పెద్ద సర్వర్ల జోలికి పోకండి, తక్కువమంది ఉండే సర్వర్, గ్రూప్ సైజు మీద పరిమితి ఉన్నది చూసుకోండి.

నన్ను అడిగితే ఒంటరిగా ఆడేవాడికి డేజీ, నలుగురైదుగురు గట్టిగా సమయం పెట్టగలిగితే రస్ట్.

2025 అక్టోబర్ 30న వచ్చిన ఆర్క్ రైడర్స్ గురించి కూడా అడుగుతున్నారు. అది పూర్తి సర్వైవల్ కాదు, మ్యాప్‌లోకి వెళ్లి సరుకు తీసుకుని బతికి బయటపడే రకం. కానీ ఒంటరిగా ఆడేవాళ్ల మ్యాచ్‌ల్లో జనం మైక్ తీసి "కాల్చకు, నేనూ కాల్చను" అని చెప్పుకోవడం చాలా ఎక్కువ, పెద్ద రోబోట్లు అందరికీ ఉమ్మడి శత్రువులు కావడమే అందుకు కారణమని నా ఉద్దేశం. ఒక్కో ఆట అరగంటలోపు అయిపోతుంది కాబట్టి పిల్లలున్న ఇళ్లలో తండ్రులకి ఇదే నయం. కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిది.

ఇక స్నేహితులతో మాత్రమే ఆడాలనుకునేవాళ్లకి. ఇక్కడ శత్రువు మనిషి కాదు, గేమ్‌లోని జంతువో దెయ్యమో, కాబట్టి వాయిస్‌కి ప్రమాదం ఎలా వస్తుందన్నదే చూడాలి. లీథల్ కంపెనీలో, 2023 అక్టోబర్‌లో జీకర్స్ అనే ఒక్కడే తయారుచేసి వదిలిన గేమ్ అది, కళ్లు లేని కుక్కలు ఉంటాయి, అవి చూడలేవు, వింటాయి. మీరు మైక్‌లో మాట్లాడినా వాటికి వినపడుతుంది. బ్రాడీపేట వాడికి ఇంట్లోంచి వాళ్లమ్మ "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా" అని పిలిస్తే ఆ మాట మైక్‌లోకి వెళ్లి కుక్క వాడి మీదికి వచ్చింది. మేమంతా ఊపిరి బిగబట్టి ఒక మూల నిలబడి ఉన్నాం, ఎవరూ నోరు మెదపలేదు. చీకటి వరండాలో ఒకడు "ఇటు రండి, ఇక్కడ ఏదో..." అంటుండగా ఆ మాట మధ్యలో తెగిపోతే, వాడు చచ్చిపోయాడని మీకు గేమ్ చెప్పక్కర్లేదు. నిజానికి ఈ ఒక్క అనుభవం కోసం దీన్ని కొనొచ్చు. నలుగురికి సరిపోతుంది.

రెపో 2025 ఫిబ్రవరిలో వచ్చింది, ఆరుగురు ఆడొచ్చు. విలువైన సామాను పగలకుండా మోయాలి, దెయ్యాలకి చప్పుడు వినపడుతుంది, మాట్లాడుతుంటే మీ రోబోట్ నోరు తెరుచుకుని ఊగుతుంది కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో కనపడుతుంది, ఇది చిన్న విషయంలా ఉన్నా కొత్తవాళ్లకి చాలా ఉపయోగం. ఒకడు చచ్చినా వాడి తల మోసుకెళ్లి సామాను చేర్చే చోట పెడితే మళ్లీ లేస్తాడు, అందువల్ల ఎవరూ గంటసేపు ఊరికే చూస్తూ కూర్చోరు. మా గ్యాంగ్‌లోకి కొత్తగా ఎవరైనా వస్తే నేను ముందు దీనితోనే మొదలుపెడతాను. పీక్ కూడా అదే ఏడాది జూన్‌లో వచ్చింది, నలుగురు కలిసి కొండ ఎక్కడం, 24 గంటలకోసారి కొండ మారిపోతుంది. ఇందులో భయం తక్కువ, పిలుపులు ఎక్కువ: "తాడు వేయి", "చెయ్యి అందించు", "నేను ఆగలేను". స్పృహ తప్పినవాణ్ని వీపు మీద వేసుకుని ఎక్కాలి. దెయ్యాలంటే ఇష్టం లేని వాళ్లకి ఇదే సరైనది, మా అక్క కూడా ఆడింది.

వాల్‌హైమ్ ఎంత బాగున్నా అందులో వాయిస్ చాటే లేదు, మాటల కోసమే అయితే వదిలేయండి.

చిన్నపిల్లలు, అన్నాచెల్లెళ్లు, కజిన్స్ కలిసి ఆడాలంటే మైన్‌క్రాఫ్ట్. కానీ ఇందులో ఈ వాయిస్ దానంతట అది రాదు, కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్‌లో సింపుల్ వాయిస్ చాట్ అనే మాడ్ వేసుకోవాలి, సర్వర్‌లోనూ ఆడేవాళ్ల కంప్యూటర్లలోనూ ఉండాలి. మామూలుగా 48 బ్లాకుల దూరం వరకు వినపడుతుంది, గుసగుసకైతే 24, ఆ అంకెలు మీరు మార్చుకోవచ్చు. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌కి ఇది లేదు, ఈ ఒక్క మాట పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే సగంమంది ల్యాప్‌టాప్‌లో సగంమంది ఫోన్‌లో ఉండి ఏడుపులు మొదలవుతాయి. ఇంకొక చిక్కు ఉంది, ఈ మాడ్ వాయిస్ కోసం గేమ్ పోర్ట్ కాకుండా వేరే యూడీపీ పోర్ట్, అంటే నెట్‌లో డేటా వచ్చిపోయే ఇంకో దారి, వాడుతుంది, మామూలుగా 24454. ఇంట్లోంచే సర్వర్ పెట్టాలనుకుంటే ఆ పోర్ట్ రూటర్‌లో తెరవాలి. మన ఇళ్లకి వచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి బయటి నెట్‌కి కనపడే సొంత అడ్రస్ (పబ్లిక్ ఐపీ) ఉండదు, ఎన్నో ఇళ్లకి కలిపి ఒకటి ఇస్తారు, అప్పుడు పోర్ట్ తెరిచినా లాభం లేదు. నేను ఒక ఆదివారం మొత్తం దీని మీదే పోగొట్టుకున్నాను, చివరికి ముంబైలో ఉన్న సర్వర్ ఒకటి నెలకి అద్దెకి తీసుకుని నలుగురం డబ్బులు పంచుకున్నాం. అద్దె సర్వర్ తీసుకునేటప్పుడు రెండో యూడీపీ పోర్ట్ ఇస్తారా అని అడిగి తీసుకోండి.

పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ప్రాజెక్ట్ జోంబాయిడ్. పైనుంచి చూసే గేమ్, 2021 డిసెంబర్‌లో వచ్చిన బిల్డ్ 41 అనే వెర్షన్‌తో మల్టీప్లేయర్ నిలబడింది, దగ్గరివాళ్లకే వినపడే వాయిస్ అందులోనే ఉంది. పైనుంచి చూస్తుంటాం కాబట్టి చెవి దగ్గరే ఎవరో నిలబడ్డ భావన తక్కువ. కబుర్లు చెప్పుకుంటూ పొలం వేసుకుని, ఇల్లు కట్టుకుని నెలల తరబడి ఆడటానికి మాత్రం చాలా బాగుంటుంది.

ఫోన్ ఒక్కటే ఉందంటే, అందరూ ఆడేది బీజీఎంఐ (పబ్జీ మొబైల్‌కి మన దేశం వెర్షన్). అందులో మీ టీమ్ వాయిస్‌లో దూరంతో పనిలేదు, మ్యాప్‌లో ఎక్కడున్నా ఒకేలా వినపడతారు. కబుర్లకి అది చాలు, నేను ఇక్కడ చెబుతున్న అనుభవం మాత్రం ఆ టీమ్ వాయిస్‌లో దొరకదు, దాని కోసం కొత్త ఫోన్ కొనకండి.

ఏ గేమ్ అయినా హెడ్‌సెట్ సంగతి తేలకపోతే డబ్బు దండగే. బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ చేయగానే చాలావరకు అది ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోతుంది, సౌండ్ నాసిగా తయారై రెండు చెవుల్లో ఒకేలా వస్తుంది, అడుగుల చప్పుడు ఎడమ నుంచా కుడి నుంచా తెలియదు, ఇక ప్రాక్సిమిటీ చాట్ ఉండి ఏం లాభం. వైరు ఉన్నది తీసుకోండి. ల్యాప్‌టాప్‌కి ఒకే రంధ్రం ఉంటే మైక్‌కీ హెడ్‌ఫోన్‌కీ వేరువేరు పిన్నులున్న హెడ్‌సెట్ సరిపోదు, కలిపే చిన్న వైరు అడగండి, గవర్నర్‌పేటలో కంప్యూటర్ సామాను అమ్మే ఏ షాపులోనైనా ఉంటుంది. మే నెల ఎండల్లో మన ఇళ్లలో కూలర్ ఆపలేం, ఫ్యాన్ ఆపలేం, ఆ హోరంతా మైక్‌లోకి వెళ్తుంది. మైక్ ఎప్పుడూ తెరిచి ఉంచే సెట్టింగ్ తీసేసి, బటన్ నొక్కితేనే మాట వెళ్లేలా పెట్టుకోండి. లీథల్ కంపెనీలో కూలర్ వల్ల చచ్చిపోవడం ఎవరికీ సరదా కాదు. సర్వర్ ముంబై, సింగపూర్ ఏది దొరికితే అది పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) చూసి ఎంచుకోండి, యూరప్ సర్వర్‌లో మాట ఆలస్యంగా వెళ్లి, మీరు "కాల్చకు" అనేలోపే కాల్చేస్తారు.

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా చదవండి. మా బాబాయి కూతురు డిగ్రీ చదువుతోంది, నాకంటే బాగా ఆడుతుంది. ఒక పబ్లిక్ సర్వర్‌లో ఆమె నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడగానే, ఆడపిల్ల గొంతు విని ముగ్గురు వెంటపడి వినకూడని మాటలు అన్నారు, చంపినా వదలకుండా మళ్లీ వచ్చి అన్నారు. ఆ తర్వాత రెండు నెలలు తను మైక్ ముట్టలేదు. తెలియనివాళ్లతో ఆడే గేమ్‌లో ఇది ఉంటుంది, గేమ్ ఎంత మంచిదైనా ఉంటుంది. కాబట్టి మ్యూట్, రిపోర్ట్ బటన్లు ఎక్కడున్నాయో మొదటి రోజే వెతికి పెట్టుకోండి, ఊరు, కాలేజీ, ఇంటి పేరు మైక్‌లో చెప్పకండి, అవతలివాడు రికార్డ్ చేస్తున్నాడనే అనుకుని మాట్లాడండి. తెనాలి అన్నతో నేను ఊరు పేరు చెప్పాను కదా అంటారేమో, చెప్పాను, నాకు ముప్పై దాటాయి, మగవాణ్ని, నాకున్న ప్రమాదం తనకున్న ప్రమాదం ఒకటి కాదు. పదహారేళ్లలోపు పిల్లలకి డేజీ, రస్ట్ పబ్లిక్ సర్వర్లు నేను ఇవ్వను. వాళ్లకి పాస్‌వర్డ్ పెట్టిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్, అందులో తెలిసినవాళ్లే. మా చెల్లెలు ఇప్పుడు మాతో రెపో ఆడుతోంది, అందరికంటే గట్టిగా అరిచేది తనే.

మీరూ నలుగురు ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, రెపోతో ఒక నెల ఆడండి. మాట ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పిలవాలో అక్కడ అలవాటవుతుంది. తర్వాత మీలో ఎవరికి తెలియని మనుషుల మీద ఆసక్తి ఉందో వాళ్లు డేజీకి వెళ్లండి, మిగతావాళ్లు లీథల్ కంపెనీకో పీక్‌కో. స్టీమ్‌లో పండగ సేల్ వచ్చేదాకా ఆగితే ఇవన్నీ తగ్గుతుంటాయి, రెండు గంటల్లోపే ఆడి, కొన్న 14 రోజుల్లో వెనక్కి ఇస్తే డబ్బు తిరిగొస్తుంది, కాబట్టి మైక్ పనిచేస్తుందో లేదో ఆ రెండు గంటల్లోనే చూసుకోండి.

ఒక్క షరతు, మొదటి రాత్రి డిస్కార్డ్ తెరవకండి. గేమ్‌లో ప్రాక్సిమిటీ పెట్టుకుని పక్కన డిస్కార్డ్ కాల్ కూడా నడిపేవాళ్లే ఎక్కువ, మేమూ మొదట్లో అలాగే చేశాం, ఏ గేమ్ ఆడినా ఒకేలా అనిపించింది. ఇప్పుడైతే ఎవడైనా తప్పిపోతే మిగతా ముగ్గురం దీపాలు పట్టుకుని వెనక్కి వెళ్తాం, "ఒరేయ్, ఎక్కడున్నావురా" అని పిలుస్తూ, బదులు ఎటువైపు నుంచి వస్తుందో చెవి పెట్టి వింటూ.